అప్‌డేట్: అంబాసిడర్ పనికి ఒప్పుకున్నాను

మా అంతర్జాతీయ సంఘంలో ప్రాంతీయ అంబాసిడర్‌గా ఉండమంటున్నారు, ఒప్పుకోవాలా అని ఆమధ్య అడిగాను కదా. ఒప్పేసుకున్నాను, మూడు నెలలైంది.

ఉపన్యాసాలివ్వాలేమోనని టెన్షన్ పడ్డాను గానీ, పనంతా ఈమెయిళ్లతోనే. కొత్త సభ్యులను పేరుపెట్టి పలకరించడం, వాళ్ల ప్రశ్నల్ని సరైన కమిటీకి చేర్చడం, ఇక్కడి ఇబ్బందులు కేంద్ర కార్యాలయానికి చెప్పడం. సభ్యత్వ రుసుము నేరుగా ఆ కార్యాలయానికే వెళ్తుంది, ఆ తలనొప్పి నాకు లేదు. సంఘం తరఫున పత్రికలతో మాట్లాడాలంటే మాత్రం ముందు అనుమతి కావాలి.

ఒక పొరపాటు చేశాను. ఆన్‌లైన్ సమావేశం "సాయంత్రం 6కి" అని రాసి ఊరుకున్నాను. ఎవరి సాయంత్రం? కేంద్ర కార్యాలయం సమయమనుకుని ఒకాయన అర్ధరాత్రి లేచి కూర్చున్నారట, పాపం! ఇప్పుడు పక్కనే యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం) కూడా వేస్తున్నాను. ఆయన మాత్రం ఇప్పటికీ రెండుసార్లు అడిగి ఖాయం చేసుకుంటారు.