సియోల్ దంత వైద్య సదస్సుకు తొలిసారి వెళ్తున్నాను: సభలకు ఎంత, ఊరికి ఎంత?

ప్రశ్న: ఎంవీపీ కాలనీ పళ్ళ డాక్టరు

సభ్యులందరికీ నమస్కారం. నేను నోటి వ్యాధుల విభాగంలో ఎం.డి.ఎస్. పూర్తిచేసి, మూడేళ్ళుగా విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో చిన్న క్లినిక్ నడుపుకుంటున్నాను. జూన్ మొదటి వారంలో సియోల్‌లోని కోయెక్స్ ప్రాంగణంలో జరిగే ఒక అంతర్జాతీయ దంత వైద్య సదస్సులో నా పోస్టరుకు చోటు దొరికింది. విషయం మన తీరానికే సొంతమైన అడ్డపొగ. భీమిలి నుంచి శ్రీకాకుళం వైపు ఉన్న మత్స్యకార గ్రామాల్లో పెద్దవయసు ఆడవాళ్ళు చుట్ట నిప్పుకొసను నోట్లో పెట్టుకొని కాల్చడం, దానివల్ల అంగిలి మీద వచ్చే తెల్లమచ్చలు, ఎర్రమచ్చలు, పుండ్లు, వీటన్నిటినీ శిబిరాల్లో చూసి రాసుకున్నవే ఆ పోస్టరులో పెట్టాను.

నేను దేశం దాటడం ఇదే మొదటిసారి. సదస్సు 3 రోజులు, ఆ తర్వాత నాకు మిగిలేది ఒకటిన్నర రోజు. ఖర్చంతా నా సొంతమే కాబట్టి, ఉపన్యాసం ఒక్కటి కూడా వదలకూడదని ఒకపక్క, అంత దూరం వెళ్ళి ఒక రాజభవనమైనా చూడకుండా, అక్కడి భోజనం రుచి తెలియకుండా తిరిగి వస్తే ఎలా అని మరొకపక్క మనసు లాగుతోంది. నేను శాకాహారిని, గుడ్డు మాత్రం తింటాను. పోస్టరు విషయంలోనూ, తిండి విషయంలోనూ, చూడవలసిన చోట్ల విషయంలోనూ అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: ద్వారకానగర్ పాత కాపు

డాక్టరమ్మా, ముందుగా అభినందనలు. కోయెక్స్‌కు నేను రెండుసార్లు వెళ్ళాను. అందులో ఒకటి 2016 జూన్‌లో అక్కడ జరిగిన ఐ.ఎ.డి.ఆర్. (అంతర్జాతీయ దంత పరిశోధన సంఘం) సమావేశం కాబట్టి ఆ ప్రాంగణం, ఆ నెల వాతావరణం రెండూ నాకు పరిచయమే.

పోస్టరులో "మన తీరానికే సొంతం" అన్న మాట ఉంటే మొదట దాన్ని తీసేయండి. నిప్పుకొస నోట్లో పెట్టుకునే అలవాటు ఫిలిప్పీన్స్‌లోనూ, కొలంబియాలోనూ, ఇటలీ దగ్గరి సార్డీనియా దీవిలోనూ నమోదైంది. మీ ఎదుట నిలబడే పెద్దల్లో ఎవరో ఒకరికి ఆ సంగతి తెలిసే ఉంటుంది. దాని బదులు అంగిలి గట్టిభాగంలో క్యాన్సరు మామూలుగా అరుదని, అడ్డపొగ ఉన్నచోట మాత్రం అది తరచుగా కనబడుతుందని పైనే పెద్ద అక్షరాల్లో రాయండి. దారిన పోయేవాడిని ఆపేది ఆ ఒక్క వాక్యమే. దాని పక్కన నోటి అడ్డుకోత బొమ్మ గీయించి, నిప్పు ఎక్కడ ఉంటుందో, వేడి ఎక్కడ తగులుతుందో చూపించండి. ఫొటోలు ఎన్ని పెట్టినా, నోరు మూసుకొని చుట్ట కాల్చడమంటే ఏమిటో చూడనివాళ్ళకు ఊహకు అందదు. సముద్రపు గాలికి నిప్పు ఆరకుండా ఉండడానికే ఈ పద్ధతి వచ్చిందని మన ముసలమ్మలు చెప్పే కారణం కూడా చేర్చండి. రోగుల ఫొటోలకు అనుమతి పత్రాలు తీసుకొన్నారో లేదో మళ్ళీ ఒకసారి చూసుకోండి.

పోస్టరును గొట్టంలో చుట్టి సామానులో వేయకండి. ఒకసారి నా గొట్టం ఒక విమానాశ్రయంలో ఆగిపోయి, సదస్సు ముగిసిన మర్నాడు నా గదికి వచ్చింది. గుడ్డ మీద అచ్చు వేయించి, చీరలా మడిచి చేతిసంచిలో పెట్టుకోండి.

వీసాకు ఆంధ్రప్రదేశ్ వాళ్ళం చెన్నైలోని కొరియా కాన్సులేట్ పరిధిలోకి వస్తాం. నిర్వాహకుల ఆహ్వాన పత్రం, రిజిస్ట్రేషన్ రసీదు, బ్యాంకు కాగితాలు ముందే సిద్ధం చేసుకుంటే బెంగ ఉండదు.

ఉపన్యాసాల సంగతికి వస్తే, రోజుకు రెండు మించి పెట్టుకోకండి. ప్రదర్శనశాలకు మాత్రం ఒక పూట పూర్తిగా ఇవ్వండి, అక్కడ ఎటు చూసినా ఇంప్లాంట్లే, అంటే దవడ ఎముకలో బిగించే కృత్రిమ పళ్ళే కనిపిస్తాయి. దానికి ఒక కారణం అక్కడి జాతీయ ఆరోగ్య బీమా. 2014లో 75 ఏళ్ళు దాటినవారితో మొదలుపెట్టి, 2016 నాటికి 65 ఏళ్ళు నిండినవారందరికీ జీవితంలో 2 ఇంప్లాంట్ల వరకు బీమా వర్తించేలా చేశారు. మన దగ్గర పింఛనుదారు ఒక ఇంప్లాంటు ధర విని పళ్ళసెట్టు చాలని లేచి వెళ్ళిపోతాడు. అదే వయసువాడు అక్కడ ఏం చేస్తాడో చూడడం ఏ ఉపన్యాసానికీ తీసిపోదు.

జవాబు: మధురవాడ గృహిణి

డాక్టరు గారూ, మా వారి ఉద్యోగం వల్ల సియోల్ పక్కనే ఉన్న సువొన్‌లో రెండేళ్ళు కాపురం చేశాం. మేమూ శాకాహారులమే కాబట్టి తిండి సంగతి నేను చెబుతాను.

"గోగి ప్పే జుసెయో" అంటే మాంసం తీసేయండి అని అర్థం. అది బట్టీ పట్టండి, కానీ దాన్ని నమ్ముకోకండి. వాళ్ళకు గోగి అంటే మాంసమే, చేపా రొయ్యా ఆ లెక్కలోకి రావు. మొదటి నెల నేను ఎంతో ఇష్టంగా తాగిన సోయా ముద్ద పులుసు అడుగున ఒకనాడు వెండిరంగు తోక ఒకటి తేలింది. చూస్తే ఎండు నెత్తళ్ళు! మన పూర్ణా మార్కెట్లో కుప్పలు పోసి అమ్మే నెత్తళ్ళనే అక్కడ మియొల్చి అంటారు, చాలా పులుసులకు వాటిని మరిగించిన నీళ్ళే ఆధారం. వాళ్ళ కాబేజీ పచ్చడి కిమ్చిలో కూడా సాధారణంగా ఉప్పులో ఊరిన రొయ్యపొట్టో, చేపల రసమో పడుతుంది. అందువల్ల "మియొల్చి", "సెవు" అనే రెండు మాటలు, అంటే నెత్తళ్ళు, రొయ్యలు, కొరియా లిపిలో ఒక చీటీ మీద రాయించుకొని "ఇవి కూడా వద్దు" అని చూపించండి.

నిశ్చింతగా తినగలిగినవి లేకపోలేదు. ఎండలు మొదలవగానే కొంగ్‌గుక్సు అనే చల్లని వంటకం వస్తుంది. నానబెట్టి ఉడికించిన సోయా గింజలను చిక్కగా రుబ్బి, ఆ పాలలో గోధుమ సేమ్యా వేసి, ఉప్పు చల్లుకొని తింటారు, పైన ఒక్కోసారి సగం గుడ్డు ఉంటుంది. గుమ్మడి జావ ఉంటుంది. బిబింబాప్, అంటే కూరలు వేసి కలుపుకొనే అన్నం, మాంసం లేకుండా అడగవచ్చు కానీ, పైన వేసే ఎర్రకారపు ముద్దను కొన్నిచోట్ల గొడ్డుమాంసంతో వేయిస్తారు కాబట్టి అదీ అడగాలి. బియ్యప్పిండితో చేసే తొక్ రకాలు మన కుడుముల వరసలోవే. నువ్వులు కూరిన సొంగ్‌ప్యొన్ తిన్నప్పుడు మా అమ్మాయి వినాయక చవితి ఇంకా రాలేదు కదా అంది.

పక్కన చిన్న గిన్నెల్లో పెట్టే బంచన్ కూరలకు విడిగా డబ్బు ఉండదు, అయిపోతే మళ్ళీ అడగవచ్చు. పెద్దవాళ్ళు చెంచా ఎత్తాకే మిగతావాళ్ళు మొదలుపెడతారు. చాప్‌స్టిక్స్‌ను అన్నంలో నిలువుగా గుచ్చకండి, అది వాళ్ళకు పితృకార్యాన్ని గుర్తుచేస్తుంది. కార్డు గాని, గ్లాసు గాని రెండు చేతులతో ఇచ్చిపుచ్చుకోండి. పెరుగన్నం మీద బెంగ మాత్రం ఎవరూ తీర్చలేరు, ఒక కందిపొడి పొట్లం పెట్టుకోండి.

మనకు ఎండల్లో ఆవకాయ ఎలాగో వాళ్ళకు చలి మొదట్లో కిమ్చి అలాగ. నవంబరు చివర్లో ఇంటిల్లిపాదీ, ఇరుగుపొరుగుతో సహా కూర్చొని ఏడాదికి సరిపడా కలిపే ఆ పనిని కింజాంగ్ అంటారు, దానికి 2013లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. అయితే మన జాడీని కాపాడేవి నూనె, ఉప్పు, ఆవపిండి. వాళ్ళది పులియబెట్టిన సరుకు కాబట్టి రుచి వారం వారానికీ మారుతుంది.

జవాబు: గాజువాక

నేను అందరితో ఏకీభవించలేను. రిజిస్ట్రేషన్ రుసుము, విమానం టికెట్టు సొంతంగా పెట్టుకొని వెళ్ళే యువ వైద్యురాలికి "రోజుకు రెండు ఉపన్యాసాలు చాలు" అని చెప్పడం సులువే. ఇక్కడ చూడని పరికరాన్ని చేత్తో పట్టుకొని చూసే అవకాశం మళ్ళీ ఎన్నేళ్ళకు వస్తుందో తెలియదు. నేర్పే శిబిరం ఒకటి ఉంటే ముందే పేరు నమోదు చేసుకొని, 3 రోజులూ లోపలే ఉండండి. రాజభవనం ఎక్కడికీ పోదు.

జవాబు: లాసన్స్ బే, విశ్రాంత చరిత్ర ఉపన్యాసకుడు

గాజువాక మిత్రుడి మాటలో న్యాయం ఉంది. కానీ ఈ ప్రత్యేక స్థలంలో ఆ చిక్కు అంతగా రాదు. కోయెక్స్ నుంచి రోడ్డు దాటితే బొంగున్సా అనే బౌద్ధాలయం ఉంది. సిల్లా రాజుల కాలంలో, క్రీ.శ. 794లో వెలసిన ఆ ఆలయ ప్రాంగణంలో 23 మీటర్ల మైత్రేయ బుద్ధుడు నిలబడి ఉంటాడు, ఆయనకు ఎదురుగా అద్దాల మేడలు. భోజన విరామంలో వెళ్ళి రావచ్చు. మన తొట్లకొండ మీద భిక్షువులు నీళ్ళు పట్టుకున్న రాతి తొట్లు, కూలిన గోడల పునాదులు మాత్రమే చూసి పెరిగిన మనవాళ్ళకు, ఆ సంఘజీవితం ఇంకా గంట మోగుతూ నడిచే చోట ఒక పావుగంట కూర్చోవడం వేరే అనుభవం.

తిండికి కూడా అదే దారి. కొరియా ఆలయ భోజనంలో మాంసం, చేప ఉండవు, పైగా ఘాటైన 5 పదార్థాలు నిషిద్ధం. వెల్లుల్లి, ఉల్లికాడలు, వాటి జాతివే మరో రెండు, ఐదవది హుంగ్గొ. ఆ హుంగ్గొ మరేదో కాదు, సంస్కృత హింగు చైనా గ్రంథాల మీదుగా ప్రయాణం చేసి తేలిన పేరు, అంటే మన ఇంగువ! కొరియాలో ఇంగువ పండదు, అక్కడి వంటలో దాని జాడ లేదు, అయినా దాన్ని తినరాదన్న నియమం శతాబ్దాలుగా జాబితాలో నిలిచి ఉంది. మన ఇళ్ళలోనేమో ఉల్లి, వెల్లుల్లి మానేసిన రోజున పోపులో వేసుకునేది ఇంగువే. జోగ్యేసా ఆలయం ఎదుట బల్వు గోంగ్యాంగ్ అనే ఆలయ భోజనశాల ఉంది, ముందుగా చోటు రాయించుకొని వెళ్ళండి. అక్కడి నుంచి గ్యొంగ్‌బొక్ రాజభవనం దగ్గరే. 1395లో కట్టిన ఆ కోటకు మంగళవారం సెలవు. వాళ్ళ సంప్రదాయ దుస్తులైన హన్‌బోక్ అద్దెకు తీసుకొని కట్టుకుంటే ప్రవేశ రుసుము ఉండదు.

అక్కడివారికి ఇవ్వడానికి ఏటికొప్పాక లక్కబొమ్మలు తీసుకెళ్ళండి, తేలిక, పగలవు. మామిడిపళ్ళు మాత్రం పెట్టుకోవద్దు, తాజా పళ్ళను విమానాశ్రయంలోనే ఆపేస్తారు.

ప్రశ్న అడిగిన సభ్యురాలు, తిరిగి వచ్చిన తర్వాత

అందరికీ కృతజ్ఞతలు. గాజువాక సార్ చెప్పినట్టు మొదటి రోజంతా లోపలే ఉండి ఇంప్లాంటు శిబిరంలో కూర్చున్నాను, ద్వారకానగర్ సార్ చెప్పినట్టు రెండో రోజు ఉపన్యాసాలు తగ్గించాను. రెండూ సరైనవే అనిపించాయి. పోస్టరులో "మన తీరానికే సొంతం" తీసేశాను. మొదట ఆగిన వ్యక్తి ఫిలిప్పీన్స్ ఆచార్యురాలు కావడంతో ఆ దిద్దుబాటు ఎంత పని చేసిందో అప్పుడే అర్థమైంది.

బొమ్మ గీయించినా ఒక పెద్దాయనకు సందేహం తీరలేదు. పెదవులు ఎలా మూస్తారు, బూడిద ఎటు పోతుంది అని అడుగుతూనే ఉన్నారు. చివరికి కార్యక్రమ పత్రం చివరి పేజీ చింపి, చుట్టలా చుట్టి, కొసకు ఎర్ర పెన్నుతో రంగు పూసి, ఆ రంగు కొస నోట్లో పెట్టుకొని చూపించాను. చుట్టూ పదిమంది మూగారు. వారిలో ఇద్దరు కొరియా వైద్యులు మధ్యాహ్నం నన్ను ఆలయ భోజనానికి తీసుకెళ్ళారు. తామరదుంప, పుట్టగొడుగులు, అడవి ఆకుకూరలు వచ్చాయి, ఉప్పూ కారం బాగా తక్కువ. ఇంగువ సంగతి చెబితే వాళ్ళు నమ్మలేదు. ఫోనులో హుంగ్గొ అని వెతికి చూసుకొని, అది మా ఇంట్లో రోజూ వాడతామని తెలిసి పెద్దగా నవ్వారు. వారిద్దరికీ చెరొక లక్కబొమ్మ ఇచ్చాను.

ఒక్క విషయం మాత్రం ఎవరూ ముందుగా చెప్పలేదు. అక్కడ భోజనం కాగానే అందరూ పళ్ళు తోముకుంటారు. రోజుకు 3 సార్లు, తిన్న 3 నిమిషాల లోపు, 3 నిమిషాల పాటు అని చిన్నప్పుడే బడిలో నేర్పుతారట. జూన్ 9ని నోటి ఆరోగ్య దినంగా జరుపుకుంటారని కూడా వాళ్ళే చెప్పారు. 6వ ఏట వచ్చే దవడపన్ను కోసం 6వ నెల అట, దవడపన్నుకు వాడే "గూచీ" అన్న మాటలోని "గూ" వాళ్ళ భాషలో 9 కూడా కాబట్టి 9వ తేదీ అట. కోయెక్స్‌కు తిరిగి వచ్చాక చేతులు కడుక్కోవడానికి వెళ్తే, అద్దం ముందు వరసగా ఐదుగురు వైద్యురాళ్ళు నోటినిండా నురగతో నిలబడి ఉన్నారు. నా సంచిలో కందిపొడి ఉంది, మడిచిన పోస్టరు ఉంది, బ్రష్షు లేదు. మాతో భోజనానికి వచ్చిన ఆవిడ ఏమీ అనకుండా, ప్రదర్శనశాలలో ఉచితంగా ఇచ్చిన సంచి తెరిచి, కొత్త బ్రష్షు ఒకటి తీసి రెండు చేతులతో నాకు అందించింది.