మా టౌన్ లిటిల్ లీగ్‌లో పిల్లలు నిలవడం లేదు, డబ్బు దేనిమీద పెట్టాలి?

జెర్సీ నాన్న:
అందరికీ నమస్కారం. మేం ఉండేది న్యూజెర్సీలో, ఎడిసన్‌కి దగ్గర. మావాడికి తొమ్మిదేళ్లు. ఈ ఏడాది నన్ను మా లిటిల్ లీగ్ (పిల్లల బేస్‌బాల్ లీగ్) బోర్డులోకి రమ్మన్నారు, మొహమాటానికి సరేనన్నాను. నేను చిన్నప్పుడు గల్లీలో టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడినవాణ్ణే తప్ప బేస్‌బాల్ టీవీలో చూడ్డమే. టీ బాల్ (స్టాండు మీద పెట్టిన బంతిని కొట్టే చిన్నపిల్లల ఆట) అప్పుడు మైదానం కిటకిటలాడుతుంది. పదేళ్లొచ్చేసరికి టీమ్‌లు కట్టడానికే పిల్లలు చాలడం లేదు. మనవాళ్లయితే ఒక సీజన్ ఆడించి క్రికెట్ అకాడమీకో ట్యూషన్‌కో మార్చేస్తున్నారు. బ్యాటింగ్ కేజ్ (బ్యాటింగ్ ప్రాక్టీసుకి చుట్టూ వల కట్టిన చోటు) కడదామని ఒకరంటారు, జీతమిచ్చి కోచ్‌ని పెడదామని ఇంకొకరు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

మూడో బేస్ మావయ్య (టెక్సాస్):
కేజ్ సంగతి తర్వాత చూద్దురుగాని. ముందు ఓ సాయంత్రం ప్రాక్టీసుకి వెళ్లి, బాగా ఆడేవాణ్ణి కాకుండా బంతి పెద్దగా రాని రైట్ ఫీల్డ్‌లో (మైదానం కుడి చివర) నిలబెట్టిన పిల్లాణ్ణి చూడండి. గంటలో వాడి చేతికి బంతి ఎన్నిసార్లొచ్చింది? కోచ్ ఒకడికి బంతులేస్తుంటాడు, మిగతావాళ్లు గడ్డి పీక్కుంటూ నిలబడతారు. వచ్చే ఏడాది పేరు రాయించుకోనిది వాడే.

మేం ప్రాక్టీసుని మూడు మూలలుగా పంచేశాం. ఒక మూల టీ (స్టాండు) మీద బంతి పెట్టుకుని నెట్‌లోకి కొట్టడం, ఇంకో మూల నేలబారు బంతులు పట్టి విసరడం, మూడో మూల బేస్‌ల మధ్య పరుగు. పది నిమిషాలకో ఈల, మూల మారాలి. దీనికి కావాల్సింది రెండు బకెట్ల బంతులు, ముగ్గురు పెద్దవాళ్లు.

ఆ ముగ్గురూ ఎక్కణ్ణుంచి వస్తారంటారా? 'వాలంటీర్లు కావలెను' అని ఈమెయిల్ కొడితే ఎవడూ రాడు. పార్కింగ్‌లో కారులో కూర్చుని ఫోన్ చూసుకునే నాన్న దగ్గరికెళ్లి "మంగళవారం ఆరింటికి ఈ బకెట్ దగ్గర నిలబడి బంతి దొర్లించండి, అంతే పని" అనండి. వస్తాడు. ఏటా చేయించే బ్యాక్‌గ్రౌండ్ చెక్ మాత్రం వదలొద్దు, అది లీగ్ రూలు.

ఇంకో మాట. లిటిల్ లీగ్‌లో ప్రతి పిల్లాడూ ఆటలో కనీసం ఆరు అవుట్ల పాటు ఫీల్డింగ్ చేయాలి, ఒక్కసారైనా బ్యాట్ పట్టాలి. అది కనీసం అండీ బాబూ! కొందరు కోచ్‌లు సరిగ్గా అంతవరకే ఆడించి బెంచీ మీద కూర్చోబెడతారు. పన్నెండేళ్ల లోపు పిల్లలకి గెలుపు మీద అంత ఆత్రం దేనికో.

స్కోర్‌బుక్ అమ్మ (నార్త్ కరొలైనా):
మావయ్యగారు చెప్పింది నిజం. దానికి, మరీ ఎక్కువ బంతులేస్తే దెబ్బతినే మోచేతి సంగతి కలుపుతాను. రూలు ప్రకారం 9-10 ఏళ్లవాళ్లు రోజుకి 75, 11-12 ఏళ్లవాళ్లు 85 పిచ్‌లు (బ్యాటర్‌కి వేసే బంతులు) దాటి వేయకూడదు. 66 కి చేరితే నాలుగు రోజుల విశ్రాంతి. మన లీగ్‌లో లెక్క సరిగ్గానే రాస్తాం. అదే పిల్లాడు ఆదివారం ట్రావెల్ టీమ్‌కి (వేరే ఊళ్లకెళ్లి ఆడే బయటి టీమ్) మళ్లీ పిచ్చింగ్ చేస్తే ఆ లెక్క మన పుస్తకంలోకి రాదు. అందుకే నేను శనివారం ఆట అవగానే పిచ్‌ల సంఖ్య వాళ్లమ్మకి మెసేజ్ పెడతాను. ఒకరిద్దరు విసుక్కున్నారు, విసుక్కోనివ్వండి.

డబ్బు మిగిలితే సామాన్ల పెట్టె పెట్టండి. పిల్లలు పెరిగాక బిగుతైన గ్లవ్‌లు, హెల్మెట్లు, క్లీట్లు (ముళ్ల బూట్లు) అందులో వేస్తారు, కొత్తవాళ్లు తీసుకుంటారు. ఆట నచ్చుతుందో లేదో తెలియకుండా కొత్త బ్యాట్ కొనమంటే ఎవరికైనా టెన్షనే. పాత బ్యాట్లు తీసుకునేటప్పుడు యూఎస్ఏ బేస్‌బాల్ ముద్ర చూడండి. 2018 నుంచి మెటల్, కాంపోజిట్ బ్యాట్లకి అది లేకపోతే లిటిల్ లీగ్ ఆటల్లో ఒప్పుకోరు.

జెర్సీ నాన్న:
చాలా థాంక్సండీ. కేజ్ ఆలోచన పక్కన పెట్టేస్తున్నాం. చిన్న డౌటు: క్రికెట్ నుంచి వచ్చిన పిల్లలకి ముందేం నేర్పాలి? మావాడు బంతి కొట్టి బ్యాట్ పట్టుకునే పరిగెడుతున్నాడు!

మూడో బేస్ మావయ్య:
హహ, అందరూ అంతే. కొట్టగానే బ్యాట్ పక్కన వదిలేయడం రోజూ చేయించండి, కానీ విసరనివ్వకండి, వెనక క్యాచర్ ఉంటాడు. లేట్ కట్ కొట్టి మురిసిపోతే అది ఫౌల్ (వెనక్కి పోయిన బంతికి పరుగు రాదు) అని చెప్పండి. క్యాచింగ్‌లో మాత్రం మనవాళ్లకి భయం తక్కువ, ఒట్టి చేతులతో పట్టిన అలవాటు కదా. గ్లవ్ ఉందని మర్చిపోయి రెండో చెయ్యి పెడతారు, వేళ్లు జాగ్రత్త.

అన్నట్టు, వాన పడ్డరోజు ఫీల్డ్ మూసినట్టు మెసేజ్ ఎవరు పెట్టాలో సీజన్ మొదలవక ముందే తేల్చుకోండి. మా దగ్గర నాలుగున్నరకల్లా పెట్టేస్తాం.