పెరటి కోళ్లకు పేలు, రెట్టలో పురుగులు: ముందు దేనికి మందు వేయాలి?

ఉయ్యూరు పెరటికోళ్లు:

అందరికీ నమస్కారం. మా పెరట్లో పది పన్నెండు కోళ్లున్నాయి, సగం గ్రామప్రియ, మిగతావి నాటువి. వానలు మొదలైనప్పటి నుంచి రెండు బాధలు కలిసి వచ్చిపడ్డాయి. పొదగేసిన పెట్ట పగలంతా బాగానే కూర్చుంటుంది, చీకటి పడేసరికి గుడ్లు వదిలేసి బయటికొచ్చి నిలబడుతుంది. గంపలో చెయ్యి పెడితే మోచేతి దాకా సన్నగా ఏదో పాకుతుంది, వెలుతురులో చూస్తే ఆవగింజలో సగం కూడా లేవు, కొన్ని బూడిద రంగు, కొన్ని ఎరుపు. రాత్రి గూటి తలుపు వేసి వచ్చాక నాకు కూడా ఒంటి మీద దురద.

ఇక రెండోది, రెట్టలో తెల్లగా చిన్న చిన్న చదును ముక్కలు పడుతున్నాయి, కాసేపు చూస్తే కదులుతున్నాయి. పుంజు తురాయి పాలిపోయింది. నూకలు, తవుడు బాగానే తింటున్నాయి కానీ ఎత్తుకుంటే రొమ్ము ఎముక చేతికి గుచ్చుకుంటోంది. గుడ్లు కూడా బాగా తగ్గిపోయాయి.

మందుల షాపులో పశువుల పిడుదులకు వాడే మందు ఇచ్చి, నీళ్లలో కలిపి కోళ్లను ముంచి తీయమన్నారు. మా అత్తగారేమో పొయ్యి బూడిద చాలంటారు. పక్కింటి బాబాయిగారు మనుషులు వేసుకునే ఐవర్‌మెక్టిన్ మాత్ర నలిపి నూకల్లో కలిపేయమంటున్నారు. ఈ గుడ్లు మా పిల్లలు తింటారండీ, అసలు టెన్షన్ అదే. తెలిసినవాళ్లు చెప్పండి, ముందు దేనికి మందు వేయాలి?

నల్గొండ నాటుకోళ్లు:

అక్కా, ముందు కోళ్లను ఆ మందులో ముంచే పని ఆపండి. పెట్ట రాత్రిపూట గుడ్లు వదిలి లేచిపోతోందంటే అది పేల పని కాకపోవచ్చు. పేలు కోడి ఒంటి మీదే పుట్టి ఒంటి మీదే బతుకుతాయి, పసుపుగా ఉంటాయి, ఈకలు విడదీయగానే పరుగెత్తుతాయి, ఈక మొదట్లో తెల్లగా గుత్తులుగా గుడ్లు పెడతాయి. మీ గంపలో ఉన్నవి మైట్లు. వీటిలో ఎర్ర రకం పగలు కర్రల పగుళ్లలో, గంప అల్లికలో, మేకుల సందుల్లో దాక్కుని, రాత్రి కోడి మీదికెక్కి రక్తం తాగి తెల్లారేలోపు దిగిపోతుంది. ఆకలి మీద ఉన్నప్పుడు బూడిద రంగు, తాగాక ఎరుపు, మీరు చూసిన రెండు రంగులూ అవే. పగలు కోడిని పట్టుకుని ఎంత వెతికినా ఏమీ దొరకదు, తురాయి మాత్రం పాలిపోతూ ఉంటుంది.

ఈ రాత్రి తొమ్మిది దాటాక టార్చి తీసుకెళ్లి కోళ్లు పడుకునే కర్ర అడుగు వైపు చూడండి. తెల్ల గుడ్డతో గట్టిగా తుడవండి, ఎర్ర మరకలు పడితే ఇక అనుమానం అక్కర్లేదు. అలాకాక పట్టపగలు కూడా ముడ్డి చుట్టూ ఈకలు నల్లగా జిడ్డుగా అట్టకట్టి, వాటిలో పురుగు కదులుతుంటే అది ఒంటి మీదే ఉండిపోయే ఇంకో రకం మైటు, అప్పుడు కోడికి కూడా మందు పడాలి, డాక్టరును అడగాల్సిందే.

ఎర్రవైతే మాత్రం గూడు బాగుచేయకుండా కోడికి ఎంత మందు పూసినా డబ్బు దండగ. కోళ్లను బయటికి వదిలేసి గూట్లో ఊక, గడ్డి మొత్తం ఎత్తి దూరంగా కాల్చేయండి. ఆ పాత గంప మీద ఆశ పెట్టుకోకండి, దాన్నీ తగలబెట్టండి. కర్రలు ఊడదీసి సలసల మరిగే నీళ్లు పోయండి, ముఖ్యంగా కర్ర గోడకు ఆనే చివర్ల మీద, ఎందుకంటే వేలల్లో ఉండేది అక్కడే. ఆరాక పగుళ్లలోకి దిగేలా సున్నం కొట్టండి. పశువుల పిడుదుల మందు అంటే డెల్టామెత్రిన్ అయి ఉంటుంది, అది కోడికి కాదు, ఖాళీ గూటికి పనికొస్తుంది. సీసా మీద రాసినంతే కలిపి, మేత గిన్నెలు, నీళ్ల గిన్నెలు బయట పెట్టి, ముక్కుకు గుడ్డ కట్టుకుని కొట్టండి, పూర్తిగా ఆరాకే కోళ్లను లోపలికి తోలండి. మిగిలిన నీళ్లు చెరువులో, కాలువలో పోయకండి, చేపలు చచ్చిపోతాయి.

ఒక్కసారితో వదలదు. మందుకు గుడ్లు చావవు, వేడిగా ఉంటే వారం పది రోజుల్లో గుడ్డు కాస్తా పెద్ద పురుగైపోతుంది. అందుకే వారానికి మళ్లీ కొట్టాలి, రాత్రి గుడ్డతో తుడిచి చూసి మరక పడితే ఇంకోసారి. గూడు ఖాళీగా వదిలేస్తే అవే చస్తాయిలే అనుకోవద్దు, రక్తం దొరక్కపోయినా నెలల తరబడి బతుకుతాయి.

పొదిగే పెట్టను ఇవాళే చీకటి పడ్డాక కొత్త గంపలోకి మార్చండి, అడుగున ఎండు వేపాకు, పైన కొత్త గడ్డి. గుడ్లు చల్లారకముందే పని కానివ్వండి.

మీ అత్తగారి మాటా కొట్టిపారేయకండి. జల్లించిన కట్టెల బూడిద, పొడి మట్టి కలిపి వాన తగలని చోట ఒక టబ్బులో పోస్తే కోళ్లు వాటంతట అవే పొర్లుతాయి, పేలకు అది చాలా మంచిది. పగుళ్లలో దాక్కున్నదాని దగ్గరికి మాత్రం బూడిద వెళ్లదు.

మెట్‌పల్లి, రిటైర్డ్ లైవ్‌స్టాక్ అసిస్టెంట్:

అమ్మా, మైట్ల గురించి పైన తమ్ముడు బాగా చెప్పాడు. నేను కడుపులో పురుగుల సంగతి చెప్తాను.

చదునుగా, కదిలే ముక్కలు అన్నారు కదా, అవి బద్దె పురుగు ముక్కలు. ఏలిక పాములైతే గుండ్రంగా, తెల్లగా, వేలెడు పొడవున ఉంటాయి, అవి కూడా మీ కోళ్లలో ఉండే అవకాశం ఎక్కువే, రెట్టలో కనపడలేదని లేవనుకోకూడదు. ఈ తేడా ఎందుకు చెప్తున్నానంటే మందు మారిపోతుంది. కోళ్ల పురుగుల మందు ఇమ్మంటే చాలా షాపుల్లో పైపరజీన్ చేతిలో పెడతారు. అది ఏలిక పాములకు మంచి మందే, బద్దె పురుగుకు అస్సలు పనిచేయదు. ఐవర్‌మెక్టిన్ కూడా బద్దె పురుగును ఏమీ చేయలేదు. పైగా మనుషుల మాత్ర 12 మిల్లీగ్రాములది అనుకోండి, కోడికి డాక్టర్లు రాసేది కిలో బరువుకు 0.2 మిల్లీగ్రాములు, అంటే కిలోన్నర పెట్టకు 0.3. ఒక్క మాత్ర నలభై కోళ్ల డోసు! నలిపి నూకల్లో కలిపితే ఏ కోడి ఎంత తిన్నదో ఎవరికి తెలుసు? గుడ్లలోకి కూడా వెళ్తుంది, చాలా రోజులు పోదు. పిల్లలున్న ఇల్లు, ఆ పని చేయకండి.

మీకు సరిపోయేది ఆల్బెండజోల్ గానీ, బద్దె పురుగే ఎక్కువగా ఉంటే ప్రాజిక్వాంటెల్ గానీ. డోసు బరువును బట్టి డాక్టరు చెప్పాలి, అందుకని ముందు రెండు మూడు కోళ్లను సంచిలో పెట్టి తూచి ఆ బరువులు రాసుకుని వెళ్లండి. పొద్దున్నే పడిన తాజా రెట్ట చిన్న డబ్బాలో పట్టుకెళ్తే, సూక్ష్మదర్శిని ఉన్న ఆసుపత్రిలో చూసి ఏ పురుగో చెప్తారు. ఆల్బెండజోల్ ద్రవం నీళ్లలో పోస్తే అడుగుకు దిగిపోతుంది, పైన తాగినదానికి ఏమీ అందదు, కింద తాగినదానికి ఎక్కువ పడుతుంది. పది కోళ్లే కాబట్టి సూది తీసేసిన సిరంజితో ఒక్కోదానికి విడిగా పట్టండి, ముక్కు పక్క నుంచి చుక్క చుక్కగా. గబుక్కున పోస్తే శ్వాసనాళంలోకి పోయి అక్కడికక్కడే చచ్చిపోతుంది. రెండు మూడు వారాల తర్వాత మళ్లీ ఒకసారి పట్టాలి.

ఇక అసలు పని పెరట్లో ఉంది. ఏలిక పాము గుడ్డు రెట్టతో నేల మీద పడి, తడి, వేడి ఉంటే రెండు వారాల్లోనే అంటుకునే స్థితికి వస్తుంది, కోడి ఆ మట్టిలో పొడుచుకుంటుంది, మళ్లీ మొదటికి. బద్దె పురుగు చీమలు, పేడ పురుగులు, నత్తల కడుపులో పెరిగి, కోడి వాటిని తిన్నప్పుడు లోపలికి పోతుంది. మేత నేల మీద చల్లడం మానేసి గిన్నెలో పెట్టండి. నీళ్లు కారి బురదయ్యే చోట ఇసుక పోసి ఎత్తు చేయండి. మందు పట్టాక ఒకటి రెండు రోజులు కోళ్లను మూసి ఉంచి ఆ రెట్టంతా ఎత్తి పాతిపెట్టండి, లేకపోతే బయటపడ్డ పురుగులను అవే పొడుచుకు తింటాయి.

ఉయ్యూరు పెరటికోళ్లు:

అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. రాత్రి చూశాం, కర్ర చివర తుడిస్తే గుడ్డ అంతా ఎరుపే, మా అత్తగారు కూడా చూసి హడలిపోయారు. గంప కాల్చేశాం, పెట్ట కొత్త గంపలో తెల్లారేదాకా కదలకుండా కూర్చుంది. ఇంకో రెండు ప్రశ్నలు. పుంజు కాళ్ల మీద పొలుసులు పైకి లేచి తెల్లగా గరుకుగా ఉన్నాయి, అది కూడా ఇదేనా? ఎదిగే కోడిపిల్లలకు వచ్చే వారం కొక్కెర టీకా వేయించాలనుకున్నాం, ఇప్పుడు వేయించొచ్చా?

కోనసీమ కుర్రాడు:

అక్కా, కాళ్లది వేరే మైటు, పొలుసుల కింద తొలుచుకుని ఉంటుంది. గోరువెచ్చని సబ్బు నీళ్లలో కాసేపు నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్ది, ఆరాక వేప నూనె కలిపిన కొబ్బరి నూనె గానీ వ్యాజిలీన్ గానీ మందంగా పట్టించండి. దానికి గాలి ఆడకుండా చేయడమే వైద్యం, మూడు నాలుగు రోజులకోసారి కొన్ని వారాలు చేయాలి. పొలుసులు గోటితో పీకొద్దు, రక్తం కారి పుండవుతుంది. ఆ పుంజును మిగతావాటితో ఒకే కర్ర మీద పడుకోనివ్వకండి.

ఇంకోటి, ఎవరైనా పొలానికి కొట్టే మందు గూట్లో కొట్టమంటే దయచేసి వినకండి. మా పక్క వాళ్లు అలాగే కొట్టి గూట్లో కోళ్లన్నీ ఒక్క పూటలో పోగొట్టుకున్నారు. పాత గమాక్సిన్ పొడి గురించి పెద్దవాళ్లు ఇంకా చెప్తుంటారు, దాన్ని 1997లోనే నిషేధించారు.

మెట్‌పల్లి, రిటైర్డ్ లైవ్‌స్టాక్ అసిస్టెంట్:

టీకా గురించి: పురుగులున్న కోడికి టీకా సరిగా పట్టదు. ముందు పురుగుల మందు, కనీసం వారం ఆగి టీకా. కొక్కెరకు ఎనిమిదో వారంలో వేసే ఆర్2బి టీకాకు ఏడో వారంలో మందు పట్టేది అందుకే. మీ కోడిపిల్లలు నీరసంగా కనపడితే ఇంకో వారం ఆగినా ఫర్వాలేదు. ఒకవేళ వాటి రెట్టలో రక్తం కనపడితే అది పురుగులు కాదు, రక్త పారుడు, దాని మందు పూర్తిగా వేరు, ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకండి, పశువైద్య హెల్ప్‌లైన్ 1962కి ఫోన్ చేయండి.

గుడ్ల సంగతి మీరు మొదట్లోనే అడిగారు, ఎవరం సరిగా చెప్పలేదు. మందు పట్టిన రోజు నుంచి డాక్టరు చెప్పిన గడువు దాకా ఆ గుడ్లు ఇంట్లో వండొద్దు, పక్కవాళ్లకు ఇవ్వొద్దు, అమ్మొద్దు, పాతిపెట్టండి. ఆ తేదీ గూటి తలుపు మీద సుద్దతో రాసి పెట్టుకుంటే ఇంట్లో అందరికీ తెలుస్తుంది.