ధ్రువయాత్ర నౌకల్లో ఫోటోగ్రఫీ: లెన్సు, తేమ, మోకాళ్ళ మీద నిషేధం (చర్చ)

నీలిమంచు:
అంటార్కిటికా ద్వీపకల్పానికి వెళ్ళే చిన్న నౌకలో నాకు చోటు ఖాయమైంది. 100-400 మిల్లీమీటర్ల జూమ్ సరిపోతుందా, ఇంకా దూరం లాగే 600 లెన్సు మోయాలా అన్నది నా మొదటి సందేహం. ట్రైపాడ్ పనికొస్తుందా? వెచ్చని గది నుంచి చలిలోకి వెళ్ళగానే కెమెరాకు తేమ పడుతుందని విన్నాను, నిజమేనా?

రెక్కలచాటు:
ట్రైపాడ్‌ను ఇంట్లోనే వదిలేయండి. ఇంజను అదురు డెక్ నుంచి దాని కాళ్ళగుండా నేరుగా కెమెరాకు పాకుతుంది. దక్షిణ అమెరికా కొసకూ అంటార్కిటికాకూ మధ్యనున్న డ్రేక్ జలసంధిలో నౌక వెనుక భాగాన నిలబడి, షట్టర్‌ను సెకనులో 2000వ వంతుకు పెట్టి, గాలికి ఎదురుగా తేలివచ్చే ఆల్బట్రాస్ అనే పెద్ద సముద్రపక్షి కోసం కాచుకోండి. వాండరింగ్ ఆల్బట్రాస్ విప్పిన రెక్కల వెడల్పు మూడున్నర మీటర్ల దాకా ఉంటుంది కాబట్టి, అది దగ్గరికి వచ్చాక పెద్ద లెన్సులో ఇమడదు. పొగగొట్టం వేడిగాలిగుండా మాత్రం తీయకండి. ఎంత ఖరీదైన లెన్సయినా ఆ చిత్రం అలుక్కుపోయినట్టే వస్తుంది.

జిప్పుసంచి:
తేమ విషయం మీరు తలకిందులుగా విన్నారు. చలిలోకి వెళ్ళినప్పుడు కాదు, చల్లబడిన కెమెరాతో వెచ్చని గదిలోకి తిరిగి వచ్చినప్పుడు లోపలి గాలిలోని ఆవిరి దాని మీద నీరుగా పేరుకుంటుంది. బయట ఉండగానే కార్డును, బ్యాటరీని తీసి జేబులో వేసుకుని, కెమెరాను సంచిలో గాలి చొరకుండా మూసి, అది గది వేడికి వచ్చేదాకా తెరవకుండా ఉంచాలి. ఫోటోలు చూసుకోవాలన్న ఆత్రం ఆపుకోలేనివారికే అద్దాలు మసకబారుతాయి.

నేలబారుచూపు:
ఇవన్నీ చిన్న చిక్కులు. అసలు నష్టం గురించి ఎవరూ మాట్లాడరేం? పెంగ్విన్ కంటి ఎత్తులో తీస్తేనే ఆ చిత్రానికి ప్రాణం ఉంటుంది. ఇప్పుడేమో ఒడ్డున కూర్చోకూడదు, మోకాలు ఆనించకూడదు, సంచి కూడా కింద పెట్టకూడదట. ఇంత ఖర్చుపెట్టి వెళ్ళి పెంగ్విన్ల నడినెత్తులు తీసుకుని రావాలా? మా నౌకలో ఒక మార్గదర్శకుడు నన్ను అందరి ముందూ కసిరాడు.

దక్షిణదిక్కు:
కసరక ముద్దు పెట్టుకుంటారా? 2023 అక్టోబరులో దక్షిణ అట్లాంటిక్ సముద్రంలో దక్షిణ జార్జియా దీవి పక్కనున్న బర్డ్ ఐలండ్‌లో స్కువా అనే సముద్రపక్షులకు తీవ్రమైన బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది. 2024 ఫిబ్రవరి నాటికి అది అంటార్కిటికా ప్రధాన భూభాగాన్నీ చేరింది. రెట్టల్లో ఆనిన మీ మోకాలు మరునాడు ఇంకో కాలనీలో ఆనుతుంది. బూట్లను కడిగి మందునీటిలో ముంచినట్టు ప్యాంటునూ సంచినీ ప్రతిసారీ ముంచగలరా?

నేలబారుచూపు:
ఆ రోగాన్ని మోసుకొచ్చింది వలసపక్షులు, నా ప్యాంటు కాదు. నియమం పెట్టినవారి కంటే దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగేవారితోనే విసుగు వస్తోంది.

లెన్సుశాస్త్రి:
ఈ నౌకల మీద ఏళ్ళ తరబడి ఫోటోగ్రఫీ పాఠాలు చెప్పినవాడిగా మనవి చేస్తున్నాను, ఇద్దరూ శాంతించండి. నీటి మట్టానికి దగ్గరగా కూర్చోబెట్టే జోడియాక్ (గాలి నింపిన రబ్బరు) పడవ ఉండగా నేల మీద పొర్లాడవలసిన పని ఏముంది? తేలే మంచు అంచున నిలబడిన పెంగ్విన్, పడవ నుంచి చూస్తే మీ కంటి ఎత్తులోనో ఇంకా పైనో ఉంటుంది. ఒడ్డున అయితే మడతతెర ఉన్న కెమెరాను పట్టీతో మెడకు వేలాడదీసి నడుము కిందికి దించండి. మంచులో కెమెరా వెలుతురు కొలిచే మీటర్‌ను నమ్మితే తెలుపు బూడిదరంగుకు దిగుతుంది కనుక ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాపు (అంటే రెట్టింపు వెలుతురు) పైకి జరపండి. నా విద్యార్థులు ఎవరూ ఈ విషయంలో పొరబడరు.

దక్షిణదిక్కు:
శాస్త్రిగారూ, ఎండలో మెరిసే మంచుకూ మబ్బు పట్టిన రోజు మంచుకూ ఒకే స్టాపు అనడం పాఠం కాదు, చిట్కా. హిస్టోగ్రామ్ (కెమెరా తెర మీద వెలుగునీడల పాళ్ళు చూపే గీత) కుడి అంచు తెగకుండా చూసుకోమనండి, అది చాలు.

ఎలుగుదూరం:
దక్షిణాన మీ గొడవ పెంగ్విన్‌కు ఐదు మీటర్ల దగ్గర. ఉత్తరాన నార్వే దీవులైన స్వాల్‌బార్డ్‌లో 2025 జనవరి నుంచి ధ్రువపు ఎలుగుకు 300 మీటర్ల దూరం తప్పనిసరి, మార్చి 1 నుంచి జూన్ 30 వరకు 500 మీటర్లు. 600 లెన్సుకు దాని అందును 1.4 రెట్లు చేసే టెలికన్వర్టర్ తగిలించినా అక్కడ ఎలుగు చిన్నదిగానే వస్తుంది, పైగా మధ్యలో గాలి అలలు కడితే వెంట్రుకల పదును పోతుంది. అందుకే నేను ఎలుగును ఒక మూలన ఉంచి, వెనకాల హిమానీనదాన్ని నిండుగా పట్టే చిత్రాల వైపు మళ్ళాను. నిజం చెప్పాలంటే, ఫ్రేము నిండా ఎలుగే ఉన్న ఫోటోల కంటే వీటినే జనం ఎక్కువసేపు చూస్తున్నారు.

నేలబారుచూపు:
అందని ద్రాక్ష పుల్లన అంటే ఇదే.

నీలిమంచు:
పెద్దలారా, లెన్సు సంగతి ఎవరూ చెప్పలేదు. డ్రోన్ తీసుకెళ్ళవచ్చా అని కూడా అడగాలనుకున్నాను.

జిప్పుసంచి:
మీ యాత్రకు 100-400 చాలు, ఎందుకంటే ఐదు మీటర్ల దూరంలోని పెంగ్విన్‌కు 600 ఎక్కువే. దానికి తోడు వెడల్పు లెన్సు బిగించిన రెండో కెమెరా బాడీ ఉండాలి, ఉప్పునీటి తుంపరలో లెన్సు మార్చడం సెన్సారుకు చేటు. డ్రోన్ పెట్టెలోనే ఉంటుంది, సరదా డ్రోన్లను అక్కడి యాత్రానిర్వాహకుల సంఘం తీరప్రాంతాల్లో అనుమతించదు.