నాన్నగారి పాత యాషికాలో ఇంకా రీలు ఉన్నట్టుంది, ఏటి చెయ్యమంటారు?

కిమిడి_కుర్రాడు
అందరికీ నమస్కారం, మాది పర్లాకిమిడి. మొన్న ఇంటికి సున్నం వేయిద్దామని అటక మీద సామాన్లు దించితే ట్రంకుపెట్టెలో నాన్నగారి కెమెరా దొరికింది. యాషికా ఎలక్ట్రో 35 జీఎస్‌ఎన్, షిప్పుల్లో పనిచేసే మా మావయ్య తెచ్చిచ్చాడంట. తోలు కవరు ముట్టుకుంటే పొడి రాలిపోతోంది గానీ కెమెరా మాత్రం ఇనపముక్కలా గట్టిగా ఉంది. నాన్నగారు పోయి ఆరేళ్లయింది, దీంతో ఆయన ఫోటోలు తియ్యడం నేను చూసింది బాగా చిన్నప్పుడు. ఇప్పుడు విషయం ఏంటంటే పైన లెక్క చూపించే గడిలో 27 అని ఉంది. అంటే లోపల రీలు ఉన్నట్టేనా? బజార్లో ఒక స్టూడియోకి పట్టుకెళ్తే అతను "ఇలా ఇయ్యి, వెనకాల మూత తీసి చూసేద్దాం" అన్నాడు, ఎందుకో నాకు భయం వేసి ఇవ్వకుండా వచ్చేశాను, అతని మొహం మాడిపోయింది కూడా.

అమ్మ ఏమంటోందంటే, నౌపడ నుంచి గుణుపురం వెళ్లే చిన్న రైలు ఆపేస్తారని తెలిశాక నాన్నగారు సెలవు దొరికితే చాలు కెమెరా పట్టుకుని దాని వెనకాలే తిరిగేవారంట. ఆ రైలు ఆగిపోయింది 2004లో. ఇరవై ఏళ్లు దాటిపోయిన రీల్లో బొమ్మలు మిగిలుంటాయా అసలు? బయటికి ఎలా తియ్యాలి? ఆ తర్వాత దీంతో నేను ఫోటోలు తీసుకోవచ్చా, లేక షోకేసులో పెట్టుకోవడమేనా? బ్యాటరీ గూట్లో పచ్చగా ఏదో పేరుకుపోయింది, అందులో ఏ బ్యాటరీ వెయ్యాలో కూడా తెలీదు.

బరంపురం_బాబాయ్
బాబూ, ఆ మూత తియ్యనివ్వకుండా వచ్చేశావు చూడు, సగం పని అక్కడే అయిపోయింది. ఆ కెమెరాలో మూత తీస్తే లెక్క మళ్లీ మొదటికి వచ్చేస్తుంది, 27 మీద ఆగి ఉందంటే మీ నాన్నగారు వదిలేసిన దగ్గర్నుంచి ఎవరూ తెరవలేదన్నమాట. అలాగని రీలు ఉన్నట్టు కాదు, ఖాళీ కెమెరా తిప్పినా అంకె పెరుగుతుంది. చూసే పద్ధతి ఇది. ఎడమ పక్కన పైన రీలు వెనక్కి చుట్టే చిన్న హ్యాండిల్ ఉంటుంది, దాన్ని మడత విప్పి బాణం గుర్తు వైపు మెల్లగా, చాలా మెల్లగా తిప్పు. అలా తిరుగుతూనే ఉంటే ఖాళీ. కొంచెం తిరిగి బిగుసుకుందంటే రీలు ఉంది, అక్కడితో ఆపెయ్. కానీ ఒరే నాయనా, ఆ గుండీని పైకి మాత్రం లాగకు! ఈ మోడల్లో అది పైకి లాగితేనే మూత తెరుచుకుంటుంది. చాలామంది అక్కడే దెబ్బతింటారు.

నాకెలా తెలుసంటావా, ఒకసారి మా ఊరి అమ్మవారి జాతర, అదే ఠాకురాణి యాత్రకి, పులివేషాలు ఒక రీలు నిండా తీశాను, మా బావమరిది "ఎన్ని మిగిలాయి బావా" అని మూత ఎత్తి చూశాడు. వాడికి ఇప్పుడు మనవలు కూడా ఉన్నారు, నేను మాత్రం ఆ సంగతి మర్చిపోలేదు.

రీలు ఉందని తేలితే అడుగున చిన్న బొత్తాం ఉంటుంది, అది నొక్కి అదే హ్యాండిల్‌తో వెనక్కి చుట్టెయ్. రాత్రిపూట దీపాలు ఆర్పేసి దుప్పటి కింద చేస్తే ఇంకా మంచిది. తొందరపడకు, పాత రీలు పెళుసుగా ఉంటుంది, పైగా పొడి గాలిలో గబగబా చుడితే లోపల రాపిడికి మెరుపుల్లా గీతలు పడతాయి.

రెండు_కళ్లు_చాలు
అన్నా ఫోన్‌లో 50 మెగాపిక్సెల్ ఉండగా ఈ తలనొప్పి అవసరమా 😀

బరంపురం_బాబాయ్
ఆ 50 మెగాపిక్సెల్‌తో 2004 నాటి రైలుని తీసి చూపించు, నేనూ ఫోనే కొనుక్కుంటాను.

బాత్రూం_ల్యాబు
జయపురం నుంచి. నేను ఇంట్లోనే రీళ్లు కడుగుతాను, ఎక్కువగా బ్లాక్ అండ్ వైటే. తమ్ముడూ, 36 బొమ్మల రీలే కదా, మిగిలిన తొమ్మిది కూడా కొట్టేసి పంపుదామని అనుకోకు. పాత రీలుకి వెలుగు పట్టే గుణం తగ్గిపోతుంది, మా వాళ్లు పదేళ్లకి ఒక స్టాపు చొప్పున, అంటే పదేళ్లకోసారి రెట్టింపు వెలుగు కావాలని, లెక్కేసుకుంటారు, అది కూడా ఉజ్జాయింపే, ఎంత వేడిలో పడి ఉందన్నదాని బట్టి మారిపోతుంది. అటక మీద ఇరవై ఎండాకాలాలు అంటే ఫ్రిజ్‌లో పెట్టినట్టు కాదు కదా.

ఇప్పుడు అసలు మాట. అది మామూలు కలర్ రీలు అయ్యుంటే ల్యాబుకి పంపగానే వాళ్లు కలర్ రీళ్లకి వాడే సి-41 పద్ధతిలో 37.8 డిగ్రీల్లో మిషన్‌కి వేసేస్తారు. కొత్త రీలుకి అదే సరైన పని. ఇంత పాత దాంట్లో మాత్రం మూడు రంగుల పొరలూ తలోలా పాడైపోయి మసక మీద మసక కమ్మి వస్తుంది. నేనైతే రంగుల మీద ఆశ వదిలేసి బ్లాక్ అండ్ వైట్ మందుల్లో కడగమంటాను. నెగటివ్ నారింజ రంగు అడుగుతోనే వస్తుంది, ప్రింటు వేసేవాడు తిట్టుకుంటాడు గానీ స్కాన్‌కి ఇబ్బంది లేదు. డెవలపర్, అంటే బొమ్మని తేల్చే మందు, హెచ్‌సి-110 లాంటిదైతే మసక తక్కువ లేస్తుంది. ఇది చెప్తే కొన్ని ల్యాబులు మనల్ని వింతగా చూస్తాయి, అలాంటి చోట ఇవ్వకు. పాత రీళ్లు కడుగుతారా అని ముందే ఫోన్ చేసి అడుగు, హైదరాబాద్, బెంగళూరు, ముంబైలో చేసేవాళ్లు ఉన్నారు. పార్శిల్ మీద పెద్ద అక్షరాలతో "కడగని రీలు" అని రాయి. ఇలాంటి రీలు ఒక్కసారే కడగ్గలం, నాకు పంపు అని అనను, చెయ్యి వణికిపోతుంది.

ప్రాణహిత_ఒడ్డు
మాది సిరోంచ, గడ్చిరోలి జిల్లా. రీలు సంగతి అన్నలు మంచిగ చెప్పిన్రు, నేను కెమెరా గురించి చెప్త. షోకేసుల పెట్టకు తమ్మీ, వాడకపోతేనే పాడైతది. ముందుగాల లెన్స్ చూడు. షట్టర్‌కు ఇవతల, ముందు గ్లాసుల మీద టార్చ్ ఏటవాలుగ కొట్టి చూస్తే సాలెగూడు తీరు తెల్లగ కనబడ్డదంటే అది బూజు. మాకు ఇటు ప్రాణహిత, అటు గోదారి, వానకాలమంతా నెమ్మే, నా జెనిట్ కెమెరా లెన్స్‌కు గట్లనే పట్టింది, తోలు కవర్ల పెట్టి బీరువల దాసిన, ఆ తోలే నెమ్ము పట్టి బూజుకు ఇల్లయింది. అందుకే కవరు అలగ్ పెట్టు, కెమెరాను గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బల సిలికా జెల్ ఏసి పెట్టు. బూజు ఇంకా లేతగున్నప్పుడే సాఫ్ చేయించాలె, ముదిరితే గ్లాసు మీది కోటింగ్‌నే తింటది.

బ్యాటరీది గిట్ల. దాంట్ల మొదాల 5.6 వోల్టుల పాదరసం బ్యాటరీ ఉండేది, పాదరసం విషమని గవ్వి బంద్ జేసిన్రు. ఇప్పుడు 4ఎల్‌ఆర్44 అని 6 వోల్టులది దొరుకుతది, సైజు చిన్నగుంటది గనుక చుట్టూ కాగితం చుట్టి, సందుల చిన్న స్ప్రింగో సిల్వర్ పేపర్ ముద్దనో పెడితే నడుస్తది, ఆ కొంచెం వోల్టు తేడాతోని ఫరక్ పడది. ముందు ఆ పచ్చది వెనిగర్ ముంచిన దూదిపుల్లతోని తుడిచి, మంచిగ ఆరనియ్యి. వెనకాల చెకింగ్ బొత్తం నొక్కితే పైన అంకె గడిల పచ్చ లైట్ రావాలె. బ్యాటరీ లేకున్నా షట్టర్ కొట్టుకుంటది, గని సెకనుల 500వ వంతు స్పీడ్ ఒక్కటే ఉంటది, నడుస్తుంది గదా అని మోసపోకు. రీలు తీసినంక సుత ఒక ముచ్చట చూడు: రీలు ముందలికి జరిపే లివర్ తిప్పినప్పుడు లోపల టక్కుమని సప్పుడు రావాలె, రాకుంటే లోపలి రబ్బర్ ముక్క కరిగిపోయినట్టు, ఈ మోడల్‌కు అది పాత రోగం. మూత అంచులకు ఉండే నల్ల స్పాంజి సుత జిగురైతది, అది మార్చకుంటే కొత్త రీలుకు ఎండ తగుల్తది.

నాకో డౌటు, ఇది అమ్మితే ఎంతొస్తది అని అడుగుదామనుకున్న, మళ్ల సప్పుడు జెయ్యకున్న. అమ్మకు.

కిమిడి_కుర్రాడు
అందరికీ చాలా థాంక్స్, లేటుగా రాస్తున్నాను, ఏమనుకోకండి. బాబాయ్ గారూ మీరు చెప్పినట్టే దుప్పటి కింద చుట్టాను, హ్యాండిల్ బిగుసుకోగానే నా గుండె కూడా బిగుసుకుంది. చివర్లో ఒక్కసారి తేలికైపోయింది, తెంపేశానేమో అనుకున్నాను గానీ రీలు మొత్తం గూట్లోకి వెళ్లిపోయింది. హైదరాబాద్‌లో ఒక ల్యాబుకి ఫోన్ చేసి బ్లాక్ అండ్ వైట్‌లోనే కడగమని చెప్పి స్పీడ్ పోస్టులో పంపాను. నిన్న స్కాన్లు వచ్చాయి. ఇరవై ఏడులో ఇరవై దాకా ఉత్త బూడిద రంగే. ఏడింట్లో ఏదో కనబడుతోంది. ఒకటి అక్క లంగా ఓణీలో, ఒకటి మా పెరటి నుయ్యి, దాన్ని పూడ్చేసి ఎన్నేళ్లో అయింది. రెండింట్లో రైలు ఉంది, ఒకదాంట్లో ఇంజను ముందు ఒక కుర్రాడు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. ఎవరో అమ్మకి తెలీదు, అక్కకీ తెలీదు. అది మా ఊరి స్టేషనే అని అమ్మ అంటోంది. బొమ్మ పెడుతున్నాను చూడండి.

రబ్బరు సప్పుడు రాలేదన్నా. బాగుచేసేవాళ్ల కోసం వెతుకుతున్నాను.

బరంపురం_బాబాయ్
చూశాను. అది పర్లాకిమిడి కాదు బాబూ. కుర్రాడి కుడి భుజం వెనకాల చూడు, ఇంకో పట్టాల జత ఉంది, చిన్న రైలు పట్టాలకంటే వెడల్పు ఎక్కువ. ఆ రోజుల్లో చిన్న లైను పక్కన పెద్ద లైను ఉండేది నౌపడలోనే. ఆ స్టేషన్ పక్కనున్న టీ కొట్టు వాళ్లకి ఈ ఫోటో చూపించు, ముసలివాళ్లెవరన్నా గుర్తుపడతారేమో.

కిమిడి_కుర్రాడు
నిజమే, ఇన్నిసార్లు చూసినా ఆ పట్టాలు నా కంట పడలేదు. ఆదివారం వెళ్తాను, మా ఇంటి నుంచి బండి మీద పెద్ద దూరం కూడా కాదు.