చెల్లె భర్త పీఎఫ్ డబ్బు పిల్లల పేరు మీదే ఉండాలంటే ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది హనుమకొండ జిల్లా, పరకాల దగ్గర పల్లె. మా చెల్లె భర్త పోయిన నెల బండి ప్రమాదంలో చనిపోయాడు. పన్నెండేళ్లుగా ఒక ప్రైవేటు మిల్లులో ఉద్యోగం, పీఎఫ్ కట్ అయ్యేది. పాపకు తొమ్మిదేళ్లు, బాబుకు ఆరు. వాడు ఇప్పటికీ నాన్న హెల్మెట్ పక్కన పెట్టుకునే పడుకుంటున్నాడు.

బీరువాలో రేషన్ కార్డుతో పాటు ప్లాస్టిక్ కవర్లో నామినేషన్ ఫారం జిరాక్స్ దొరికింది. చెల్లె భర్త పెళ్లికి ముందు నింపిన పీఎఫ్ ఫారం అది, డబ్బు ఎవరికి వెళ్లాలనే చోట అతని అమ్మ పేరే ఉంది. ఆమె మంచిదే, పెద్దకొడుకు మాట మాత్రం జవదాటదు. దినాలు అయిన మర్నాడే ఆయన "డబ్బు వస్తే ముందు అప్పులు తీర్చాలి" అన్నాడు. ఏ అప్పులో మాకెవరికీ తెలియదు.

పెళ్లయ్యాక పాత నామినేషన్ చెల్లదని ఒకరు చెప్పారు, నిజమేనా? భార్యకు వచ్చే పెన్షన్‌లో 25 శాతం చొప్పున ఇద్దరు పిల్లలకూ 25 ఏళ్లు వచ్చేదాకా విడిగా వస్తుందని, పీఎఫ్‌తో పాటే ఉండే ఈడీఎల్ఐ అనే బీమా 7 లక్షల వరకు ఉంటుందని తెలుసుకున్నాను. వీటికి ఒకేసారి దరఖాస్తు పెట్టొచ్చా? మీసేవలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు పెట్టాం, అది సరిపోతుందా, కోర్టుకు వెళ్లాలా?

పిల్లల వాటాను మైనర్ ఖాతాలో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేస్తే, రేపు చెల్లె మీద ఒత్తిడి తెచ్చినా ఎవరూ తీయలేకుండా చేయొచ్చా? తను నోరు లేని మనిషి, సంతకం పెట్టమంటే పెట్టేస్తుంది. నా టెన్షన్ అదే.

ఇలాంటిది దాటి వచ్చినవాళ్లుంటే దయచేసి చెప్పండి.