లిడియా కో గెలిచింది 20 టోర్నీలు, మరి 27 పాయింట్లు ఎలా వచ్చాయి?

కొత్తగా_చూస్తున్నా:
గోల్ఫ్ నాకు కొత్త. టోక్యో ఒలింపిక్స్‌లో అదితి అశోక్ ఒక్క షాట్ తేడాతో నాలుగో స్థానంలో ఆగిపోయిన రోజు టీవీ ముందు కూర్చున్నా, అప్పట్నుంచి చూస్తున్నానంతే. ఆ రోజు కాంస్యం పట్టుకెళ్లిన న్యూజిలాండ్ అమ్మాయి లిడియా కో 2024లో పారిస్‌లో స్వర్ణం కొట్టగానే ఎల్‌పీజీఏ (అమెరికా మహిళల ప్రొఫెషనల్ గోల్ఫ్ టూర్) హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్లిపోయిందన్నారు. దానికి 27 పాయింట్లు కావాలట. అప్పటికి ఆమె గెలిచిన ఎల్‌పీజీఏ టోర్నీలు 20 మాత్రమే కదా, మిగతా ఏడు ఎక్కడివి? ఇంకో డౌట్, 15 ఏళ్లకే టోర్నీ గెలిచి 17 ఏళ్లకే నంబర్ వన్ అయిన మనిషికి ఇంత కాలం ఎందుకు పట్టింది?

పార్_చాలు:
టోర్నీ గెలిస్తే ఒక పాయింటు, అది మేజర్ (అన్నిటికన్నా పెద్ద టోర్నీల్లో ఒకటి) అయితే రెండు. అప్పటికి ఆమెకు రెండు మేజర్లు, 2015లో ఎవియాన్, 2016లో ఏఎన్ఏ ఇన్‌స్పిరేషన్. కాబట్టి 22. ప్లేయర్ ఆఫ్ ద ఇయర్ రెండుసార్లు, ఏడాది మొత్తం మీద సగటు స్కోరు అందరికన్నా తక్కువ ఉన్నవాళ్లకిచ్చే వేర్ ట్రోఫీ రెండుసార్లు, వెరసి 26. ఒలింపిక్ స్వర్ణానికి ఒకటి. అసలు 2024 జనవరిలోనే 26కి చేరింది, ఆ వెంటనే ఇంకో టోర్నీలో ప్లేఆఫ్ (స్కోర్లు సమమైతే ఆడే అదనపు పోరు) దాకా వెళ్లి నెల్లీ కోర్డా చేతిలో ఓడింది. అది గెలిచి ఉంటే పారిస్ దాకా ఆగే పనే లేదు.

బోగీబండి:
ఆలస్యం సంగతి నేను చెప్తా. 2016 చివర్లో, 2017 మొదట్లో కోచ్, కేడీ (సంచి మోస్తూ సలహాలిచ్చే సహాయకుడు), క్లబ్బులు (బంతిని కొట్టే కర్రలు) అన్నీ మార్చేసింది. 2017లో ఒక్క టైటిల్ లేదు, 2018 ఏప్రిల్‌లో ఒకటి, ఆ తర్వాత 2021 ఏప్రిల్ వరకు సున్నా. మధ్యలో 2020 ఆగస్టు, ఒహైయోలో మారథాన్ క్లాసిక్, ఇంకా ఆరు హోల్స్ ఉన్నాయనగా ఐదు షాట్ల ఆధిక్యం, ఇక అయిపోయిందిలే అనుకున్నాం అందరం. ఆఖరి హోల్‌కి వచ్చేసరికి మిగిలింది ఒక్క షాట్. అక్కడ బోగీ (ఆ హోల్‌కి నిర్ణయించిన షాట్ల కన్నా ఒకటి ఎక్కువ) కొట్టినా ప్లేఆఫ్ దక్కేది, డబుల్ బోగీ (రెండు ఎక్కువ) కొట్టింది. కప్పు డేనియల్ కాంగ్ చేతికి వెళ్లిపోయింది. నాకైతే ఆ రాత్రి నిద్ర పట్టలేదు, నవ్వుకోండి పర్లేదు.

పార్_చాలు:
తప్పంతా కోచ్‌ని మార్చడం మీదకి నెట్టేయడం నాకు నచ్చదు. టీనేజ్‌లోనే అంత గెలిచాక ఆట ఎప్పుడో ఒకప్పుడు తడబడటం మామూలే.

బోగీబండి:
సరే, అది వదిలేయండి. పారిస్ చివరి రౌండ్ చూశారా? మళ్లీ అదే ఐదు షాట్ల ఆధిక్యం. 13వ హోల్‌లో బంతి నీళ్లలోకి వెళ్లింది, డబుల్ బోగీ, ఆధిక్యం తగ్గుతూ తగ్గుతూ ఒకటికి వచ్చేసింది. జర్మనీ అమ్మాయి ఎస్తర్ హెన్సెలైట్ అప్పటికే ఆట ముగించుకుని ఎదురుచూస్తోంది. నేను టీవీ ఆపేద్దామనుకున్నా, నిజంగా. ఈసారి మాత్రం ఆ తర్వాత ఇంకో షాట్ పోనివ్వలేదు, 18లో బర్డీ (నిర్ణయించిన షాట్ల కన్నా ఒకటి తక్కువ) కొట్టి రెండు షాట్ల తేడాతో గెలిచింది. రియోలో రజతం, టోక్యోలో కాంస్యం, ఇక్కడ స్వర్ణం. పదిహేను రోజులకే సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో బ్రిటిష్ ఓపెన్ కూడా కొట్టేసింది, ఎనిమిదేళ్ల తర్వాత మేజర్ అది.

కొత్తగా_చూస్తున్నా:
లెక్క అర్థమైంది, థ్యాంక్స్ ఇద్దరికీ. ఆ 2020 మ్యాచ్ హైలైట్స్ వెతుకుతున్నా, 13వ హోల్ నుంచి చూస్తే చాలా, లేక మొదటి నుంచి చూడాలా?

బోగీబండి:
13 నుంచి చాలు. అన్నం తిన్నాక చూడండి.